నలభై ఏడో పేజీ

“ఈ మనిషి ఏడవాలమ్మా,” అన్నారు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు.

“ఏడవదండి,” అంది లక్ష్మీతులసి.

వారం రోజులుగా ఇదే గొడవ. పుస్తకం మొత్తం చకచకా దాటుకొచ్చిన ఆయన ఎర్ర పెన్ను నలభై ఏడో పేజీ దగ్గర మొరాయించింది.

హైదరాబాదులో రచన, ప్రచురణ నేర్పే ఆ విభాగానికి ఆయనే పెద్ద. సెమిస్టరు ముగిసేలోగా ప్రతి విద్యార్థీ ఒక పుస్తకం తేవాలి. దిద్దుకోవడం, పేజీలు కట్టడం, అట్ట వేయించడం అన్నీ వాళ్లే చూసుకోవాలి. ఆఖర్న ఆయన సంతకం పెడితే అచ్చుకి వెళుతుంది, మార్కులు పడతాయి. పెట్టకపోతే సెమిస్టరు గోవిందా.

తులసి పుస్తకంలో ఒకావిడ కథ ఉంది. భర్త పడవ మీద వేటకి వెళ్లి తిరిగి రాలేదు. మూడో నాడు ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఖాళీ పడవ దొరికింది. ఊరంతా గొల్లుమంది. ఆవిడ మాత్రం మొహం కడుక్కుని, కొంగు బిగించి, రొయ్యల షెడ్డుకి పనికి వెళ్లిపోయింది. కంట నీటిబొట్టు లేదు. అదీ నలభై ఏడో పేజీ.

“చదివేవాడు నమ్మడమ్మా.”

“నమ్మకపోతే మానేస్తాడండి.”

ఈ పొగరు హైదరాబాదు వచ్చాక అబ్బింది కాదు. అమలాపురం డిగ్రీ కాలేజీ నుంచి ఒక సెమిస్టరు ఇక్కడ చదివే అవకాశం వచ్చినప్పుడే ఉప్పలగుప్తంలో ఇల్లు అదిరిపోయింది. మేనమామ కొండబాబు వీధిగుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“రాయడం నేర్చుకోడానికి హైదరాబాదెందుకే? మన ఎలిమెంటరీ స్కూల్లో నేర్పలేదా?” అన్నాడు. తర్వాత తులసి తల్లి వీరవేణి మీద పడ్డాడు. “నువ్వైనా చెప్పక్కా! నీకు చూస్తే అక్షరం ముక్క రాదు. నీ కూతురికి పుస్తకాలు అచ్చేయించాలంట!”

వీరవేణి చేపలు తోముతూ తల కూడా ఎత్తలేదు. “ఎల్లనీరా,” అంది.

“ఎల్లమను. తప్పిందా, చదువు బంద్. వచ్చి నీ పక్కన షెడ్డులో రొయ్యలు వలవాల్సిందే.”

“ఆయ్, వలుస్తాను,” అంది తులసి, బ్యాగు భుజాన వేసుకుంటూ.

కంప్యూటరు గదిలో మిగతా పిల్లలంతా గోళ్లు కొరుక్కుంటూ, కప్పు వైపు చూస్తూ వాక్యాల కోసం ఎదురుచూసేవారు. తులసి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని టకటకా కొట్టుకుపోయేది. ఆగేది. మళ్లీ కొట్టేది.

“పాటలు వింటూ నవల రాసేదాన్ని నిన్నే చూశానే,” అని పక్క కుర్చీలో రేచల్ వెక్కిరించింది.

“నువ్వూ విను, ఎవరొద్దన్నారు?” అంది తులసి. ఇయర్‌ఫోన్లు మాత్రం ఇవ్వలేదు.

పొద్దున్నే షెడ్డుకి నడుస్తూ వీరవేణి ఫోన్ చేసేది. ఏ తల్లయినా టిఫిను తిన్నావా అని అడుగుతుంది. ఈవిడకి ఆ ధ్యాసే లేదు.

“సారేవన్నారే?”

“ఏడవాలంటన్నారు.”

“నువ్వేవన్నావు?”

“ఏడవదన్నాను.”

“అలాగే చెప్పు. మొహమాటపడకు. సారు కదాని ఒక్క మాట మార్చేవో, ఊరుకోను.”

పుస్తకాలంటే ఏ పక్క నుంచి తెరవాలో తెలియని మనిషికి ఇంత పట్టుదల ఎందుకో అనిపిస్తుంది గానీ, ఆ తల్లీకూతుళ్లదంతా ఒకటే తీరు.

గడువుకి రెండు రోజుల ముందు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ఒక మెట్టు దిగి వచ్చారు.

“పోనీ, వెక్కి వెక్కి ఏడవక్కర్లేదు. ‘కళ్లు తుడుచుకుంది’ అని రెండే రెండు మాటలు కలుపు.”

“కలపనండి.”

“అసలు లోపం ఎక్కడుందో చెప్పనా? వేలిముద్ర వేసే మనిషి ఇంత పదునుగా మాట్లాడదు. ఇవన్నీ నీ మాటలు. నీ తెలివంతా తీసుకెళ్లి ఆవిడ నోట్లో పెట్టావు.”

తులసికి ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే ఒళ్లు మండింది.

“ఆవిడ నోటికి నా తెలివి అక్కర్లేదండి,” అని కాగితాలు తీసుకుని బయటికి వచ్చేసింది.

ఆఖరి రోజు పొద్దున్న ప్రూఫు ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన ఇంకేదీ చూడలేదు. నేరుగా నలభై ఏడో పేజీ తీశారు. ఒక్క అక్షరం కదల్లేదు. పెన్ను మూత పెట్టేశారు.

“సంతకం పెట్టను. తెలుసుగా?”

“తెలుసండి.”

“సెమిస్టరు పోతుంది.”

“పోనివ్వండి. ఇంటికెళ్లి రొయ్యలు వలుచుకుంటాను. ఆ పేజీ మాత్రం అలాగే ఉంటదండి.” చూపు దించలేదు.

ఆయన చెడ్డవాడేం కాదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి కాసేపు కణతలు రుద్దుకున్నారు.

“ఈ ఏడు నా దగ్గరికి వచ్చిన వాటిల్లో ఇంత మంచి పుస్తకం ఇంకోటి లేదమ్మా. అందుకే ఇంత గింజుకుంటున్నాను. ఒక్కటి చెప్పు. మొగుడు పోతే ఆవిడ ఎందుకు ఏడవలేదు? నన్ను ఒప్పించు, ఇప్పుడే సంతకం పెడతాను.”

“నన్నడిగితే నాకేం తెలుసండీ!” అంటూ తులసి తలుపు తీసి, మూడు నెలలుగా ఫోన్లో చెబుతూ ఆ పుస్తకమంతా తన చేత రాయించి, ఆ పొద్దున్నే ఊరి నుంచి బస్సు దిగిన వీరవేణిని లోపలికి పిలిచింది.