గాలి వంతు

కొండలన్నిటా నిలిచిన గాలిమరలు గాలినంతా పట్టేసుకున్నాయి. ఇరవై ఏళ్లు అర్జీలు పెట్టుకుంటే ఊరికి అరగంట గాలి వంతు దొరికింది. ఆలోగా కొర్రలు తూర్పారబట్టకపోతే ఈ ఏడూ చాటెడు చాటెడుగా నోటితో ఊదుకోవడమే.

ఓబులమ్మ చాటతో ముక్కాలిపీట ఎక్కింది. మరలు ఆగాయి. చాట వంచగానే పొట్టు పక్కకెగిరింది, గింజ నిలువునా రాలింది.

కింద పొరకతో నిలుచున్న ఇరవై ఏళ్ల మనవరాలు కుళ్లాయమ్మ కెవ్వున అరిచింది.

"అవ్వా! ఎవురో నన్ను తోస్తాండారు! మనిషి కనపళ్లేదే!"

"గాలే మే, బెదరాకు!" అని నవ్వబోయిన ఓబులమ్మకు అప్పుడు తట్టింది. పుట్టినప్పటినుంచి ఈ పిల్లను గాలి ఒక్కసారైనా తాకలేదు.

కొర్రల రాశిని వదిలి, పీట దిగి, మనవరాలి చేతిని గాలికెదురుగా చాపి పట్టుకుంది.

అరగంట గడిచింది. మరలు కదిలాయి. కుళ్లాయమ్మ జుట్టు భుజాల మీద వాలిపోయింది.

"యాడికి పోయిందవ్వా?" అంది, చాచిన చేయి దించకుండా.