పదకొండు వందల పాటలు

"నన్ను అడగలేదు బావా. ఒక్క మాట చెప్పలేదు. ఈ ఇంటికి యజమానిని నేనా, గోడ మీద బల్లినా?"

హనుమంతరావు ఈ ప్రశ్న అడగడం ఇది నాలుగోసారి. రమాదేవి అన్న గురునాథం నూజెండ్ల నుంచి మొదటి బస్సుకే వచ్చాడు. భార్య మీద ఫిర్యాదు చేయడానికి బావకి కబురు పెట్టింది హనుమంతరావే. గురునాథం ముందు పెట్టిన కాఫీ చల్లారింది గానీ తగువు మాత్రం చల్లారలేదు.

తగువంతా ముందు గది గురించి. బుధవారం నాడు అందులో రమాదేవి టైలరింగ్ షాపు తెరవబోతోంది. బోర్డు రాయించింది. షెర్లీ టీచర్ తమ బడి పిల్లల యూనిఫారాలు, నూట ఇరవై జతలు, ఆమెకే ఇస్తానంది. ఇన్నాళ్లూ ఆ గదిలో హనుమంతరావు పడక కుర్చీ ఉండేది. నిన్న సాయంత్రం అది పెరట్లో కనిపించింది. అప్పుడు తెలిసింది ఆయనకు షాపు సంగతి. అని ఆయన అంటున్నాడు.

హనుమంతరావు నరసరావుపేట బస్టాండులో ముప్పై ఏళ్లు మైకు పట్టుకుని, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో ఊరందరికీ వినిపించిన మనిషి. రిటైరయ్యాక, ఇక వినడం తన వంతని చెప్పి చిన్న ఎంపీత్రీ ప్లేయర్ కొన్నాడు. భక్తి ఒక ఫోల్డరు, నాటకాల పద్యాలు ఒక ఫోల్డరు, పాత పాటలు ఒక ఫోల్డరు చేయించి, పదకొండు వందల పాటలు ఎక్కేదాకా సెల్ షాపు హబీబ్‌ను అన్నానికి కూడా లేవనివ్వలేదు.

"బాబాయ్, దీనికి సొంత మెమొరీ లేదు. నీ పాటలన్నీ ఈ గోరంత కార్డులోనే ఉంటాయి. పారేసుకోమాక" అని దణ్ణం పెట్టి పంపించాడు హబీబ్. మళ్ళీ ఇదంతా ఎక్కించే ఓపిక అతనికి లేదు.

అప్పటి నుంచి చెవుల్లో ఇయర్‌ఫోన్లు, జేబులో నీలం లైటు. గ్యాస్ అయిపోయిందన్నా ఆయన పాటలోనే ఉండేవాడు. కుళాయి వచ్చిందన్నా పాటలోనే ఉండేవాడు. అన్నానికి పిలిచినప్పుడు మాత్రం ఆ పాట ఎప్పుడూ సరిగ్గా అప్పుడే అయిపోయేది.

"చెప్పలేదంట. ఏమ్మాయ్?" గురునాథం వంటింటి వైపు తిరిగి అడిగాడు.

వంటింటి మూల కుట్టుమిషను ఆగింది. దాని పక్కన, కోటప్పకొండ తిరునాళ్లలో కొనుక్కున్న ఎర్ర స్పీకరు మాత్రం ఏదో నాటక పద్యం పాడుతూనే ఉంది.

"ఈ ఎండాకాలంలోనే మూడుసార్లు చెప్పాను అన్నయ్యా. ఎదురుగా నిలబడి చెప్పాను. మూడుసార్లూ తల ఊపారు."

"పాటకి ఊపానే!" హనుమంతరావు లేచాడు. "చెవుల్లో పాట మోగతా ఉంటే తల ఊపకుండా ఎట్టా ఉంటాడు మనిషి? నీకు సంగీతమంటే తెలిస్తే గదా!"

"తొడ మీద తాళం కూడా వేశారు."

"చూశావా బావా? తాళం వేశానని తనే ఒప్పుకుంటంది!"

గురునాథానికి నవ్వొచ్చింది గానీ పెద్దరికం అడ్డొచ్చింది. "ముందు ఆ పెట్టె కాస్త తగ్గించు అమ్మాయ్. అయినా పద్యం బాగుందే. బావకి ఇట్టాంటివంటే చానా ఇష్టం గదా?"

"ఇదా?" హనుమంతరావు మూతి తిప్పాడు. "ఇయ్యన్నీ తిరునాళ్ల సరుకు బావా. నా సెలక్షన్ ముందు ఎందుకు పనికొస్తాయి?"

రమాదేవి స్పీకరు తగ్గించింది.

గురునాథం గొంతు సవరించుకున్నాడు. "చూడు అమ్మాయ్, బావ మాటలో న్యాయం ఉంది. పాటకి ఊపిన తల, షాపుకి ఊపినట్టు ఎట్టా అవుద్ది? షెర్లీ టీచర్‌కి కుదరదని చెప్పు. బోర్డు తీసెయ్."

రమాదేవి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై రెండేళ్లుగా పొయ్యి వేడిలో, పోపు ఘాటులో, ఒంటి బల్బు కింద జాకెట్లు కుట్టింది. కిటికీ ఉన్న గదిలో కూర్చుని కుట్టాలన్నది తప్ప ఆమె ఆ ఇంట్లో ఇంకేమీ కోరలేదు.

"సరే అన్నయ్యా. ఒక్క సంగతి తేల్చు. పాట మోగింది గనక గదా ఈ తీర్పు? మోగకపోతే?"

"మోగకపోతే బావ నీ మాట విని తల ఊపినట్టే గదా. అప్పుడు షాపు నీదే. నేనే రిబ్బను కత్తిరిస్తా."

"అయితే ఆయన్నే చెప్పమను."

హనుమంతరావుకు ఇంతకంటే కావలసిందేముంది? జేబులోంచి ప్లేయర్ తీసి, నీలం లైటు అందరికీ కనపడేలా పట్టుకున్నాడు. బస్టాండులో మైకు పట్టుకున్న రోజుల్లో వచ్చిన గొంతు మళ్ళీ వచ్చింది.

"ఒట్టేసి చెబుతున్నా బావా. తను చెప్పానంటున్న మూడుసార్లూ ఇందులో పాట మోగతానే ఉంది. ఆ మాటకొస్తే ఈ ఏడాది ఒక్కపూట ఆగింది లేదు. ఇందాక నువ్వు బస్సు దిగి వచ్చేటప్పుడు కూడా పద్యాల ఫోల్డరే వింటన్నా. రాగం తీస్తంటే మధ్యలో ఆపి లేచొచ్చా."

"అదీ సంగతి. ఇంకేం చెబుతావ్ అమ్మాయ్?" అన్నాడు గురునాథం.

రమాదేవి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎర్ర స్పీకరు ఆపింది. దాని వెనక సూది మొనతో గుచ్చి గోరంత ముక్క ఒకటి బయటికి లాగి, తెచ్చి భర్త అరచేతిలో పెట్టింది.

"మీ కార్డు శివరాత్రి నుంచి నా స్పీకర్లోనే ఉందండీ."