సాగదీసిన కాళ్ళు

ఏటి మధ్యన ఓ లంక. శత్రువంటే ఏమిటో అక్కడి తొండలకి తెలీదు. ఎవరి కాళ్ళు పొడుగైతే వాళ్ళదే అందం, ఇసుకలో పరుగుపందేలన్నీ వాళ్ళవే.

గవరమ్మ అనే తొండకి ఒక్కగానొక్క కూతురు నూకి. పాపం, దానివి పొట్టికాళ్ళు. గవరమ్మ రోజూ పొద్దున్నే పిల్లని మంచునీళ్ళతో రుద్ది, కాళ్ళు పట్టుకుని సాగదీసేది.

"ఓర్చుకోవే తల్లీ! నలుగురిలో తలెత్తుకు తిరగొద్దూ?"

నూకి ఎలాగో తప్పించుకుని తుమ్మచెట్టు చిటారు రెమ్మకి పాకిపోయేది. అంత సన్నటి రెమ్మ మీద పొట్టికాళ్ళకే పట్టు దొరికేది.

ఆ ఏడు వరదకి ఓ మాను కొట్టుకొచ్చింది. దాని మీంచి ముంగిస దిగింది. ఎవరో చుట్టం కాబోలనుకుని తొండలన్నీ నోళ్ళు తెరుచుకు చూశాయి. అది ఒకదాన్ని కరిచి నమిలాక గానీ మిగతావి పరుగు లంకించుకోలేదు. ఇసుకలో ఎంత పరిగెత్తినా ముంగిస ఒక్కొక్కదాన్నీ అందుకుంది.

"అమ్మా, చెట్టెక్కు!" నూకి పైనుంచి అరిచింది.

గవరమ్మ ఎక్కింది గానీ పొడుగుకాళ్ళు రెమ్మ మీద నిలవడం లేదు. వెనకే ఎక్కిన ముంగిస ఆమె తోక పట్టేసింది. తోక దాని నోట్లోనే వదిలేసి, గవరమ్మ కూతురి వీపుని కరుచుకుంది. ముంగిస బరువుకి రెమ్మ వంగిపోయింది. అది భయపడి వెనక్కి దిగిపోయింది.

మరుసటి ఏడు నూకికి పిల్లలు పుట్టారు. మొండితోక గవరమ్మ అందరి కాళ్ళూ తడిమి చూసుకుంది.

"హమ్మయ్య! అన్నీ పొట్టివే!"

మళ్ళీ చూస్తే ఒక్క మనవరాలివి మాత్రం కాస్త పొడుగు. గవరమ్మ దాన్ని దగ్గరికి లాక్కుని, కాళ్ళు లోపలికి నొక్కడం మొదలెట్టింది.

"ఓర్చుకోవే తల్లీ!"