దుర్గయ్య నాలుక

మూతల మీద సుద్దతో ఒకటి, రెండు అని రాసిన స్టీలు డబ్బాలను మహేందర్ బల్ల మీద పెట్టాడు.

"దుర్గన్నా, ఒకదాంట్ల మనోళ్లు నూరిన ఎల్లిగడ్డ కారం. ఇంకోదాంట్ల ఫ్యాక్టరీది. మనది ఏదో చెప్పు, చాలు."

దుర్గయ్య మూతలు తీయలేదు. భార్య లీలమ్మ పోయి పన్నెండు రోజులు. నిన్ననే దినకర్మ అయింది. గొరిగించిన తల మీదికి చేయి మాటిమాటికీ పోతోంది.

"చెప్పలేకపోతే?"

"నూరుడు బంద్. రేపటి సంది పదకొండు దుకాన్లకూ ప్యాకెట్లే. నువ్వు లేని ఇన్ని దినాలు ప్యాకెట్లే పంపిన. ఒక్కడన్న అడిగిండా?"

"మస్తుమంది అడిగిన్రు. నీకు చెప్పలే, గంతే" అన్నాడు మూల కుర్చీలోంచి సాయిలు. మహేందర్ తండ్రి ఆయన. ఇరవై రెండేళ్ల కిందట ఛత్రినాకలో ఒక్క పెనంతో దోశ బండి పెట్టాడు. జహనుమాలో రెండో దుకాణం తెరిచినప్పుడు, ఇక్కడి కారం దోశ రుచి అక్కడ లేదని జనం గొణిగారు. అప్పటినుంచి అన్ని దుకాణాల వెల్లుల్లి కారమూ ఈ ఒక్క రేకుల షెడ్డులోనే నూరతారు. బండి నాటి నుంచీ ఉన్న దుర్గయ్య రుచి తేల్చి "పంపు" అంటే తప్ప ట్రాలీ ఆటో కదలదు. లాడ్ బజార్ దుకాణంలో సాయిలు ఫొటో పక్కనే దుర్గయ్య ఫొటో కూడా ఉంది. కానీ ఏ దుకాణంలోనూ అతడు దోశ తినగా చూసినవాళ్లు లేరు. పొద్దున లేస్తే అదే పని కదా, మొహం మొత్తి ఉంటుంది అనుకునేవారు.

మిర్చి తొడిమలు తీస్తున్న నలుగురు ఆడవాళ్లూ చేతులు ఆపేశారు.

"మా బువ్వ నీ నోట్లనే ఉన్నదన్నా" అంది వాళ్లలో పెద్దది సుశీలమ్మ.

దుర్గయ్య డబ్బాలు రెండూ చేతిలోకి తీసుకున్నాడు. "ఇంటికి పోయి చెప్త."

"గిప్పుడు గూడనా? ఈడనే చూడరాదు? అన్నం తెప్పిస్త" అన్నాడు మహేందర్.

"వేడన్నంల కలిపితేనే కారం సంగతి తెలుస్తదని ఎన్నడో చెప్పిండు" అన్నాడు సాయిలు. "రోజూ ఇంటికే తీస్కపోయిండు. అరగంటల వచ్చి, ఉప్పు పిడికెడు తక్కువున్నదనో, ఎల్లిగడ్డ పాతదనో చెప్పిండు. ఎన్నడన్న తప్పిండా? పోనీ."

"ఇంట్ల అన్నం ఎవరు వండుతరు బాపూ?"

ఆ మాట అన్నందుకు మహేందరే తల దించుకున్నాడు.

"నేనే వండుకుంట" అన్నాడు దుర్గయ్య.

రెండు గల్లీల అవతల ఇల్లు. తాళం తీసి, రోజూ డబ్బా లోపలికి అందించి కూర్చునే గడప దాటి, పొయ్యి దగ్గరికి నడిచాడు. అన్నం మెత్తగా, ముద్దలా అయింది. పళ్లెం లీలమ్మ ఫొటో ముందు పెట్టి, డబ్బాలు రెండూ అలవాటుగా ఆమె వైపు జరిపాడు. తర్వాత మెల్లగా తనవైపు లాక్కున్నాడు.

మొదటిది కలుపుకున్నాడు. కారంగానే ఉంది. అంతకుమించి ఏమీ తోచలేదు.

రెండో డబ్బాది కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోగానే చేయి ఆగిపోయింది. జ్వరం వచ్చి లేచిన రోజుల్లో లీలమ్మ ఇంట్లో రోట్లో నూరి, కలిపి పెట్టిన ముద్ద అది. అదే ఉప్పు. అదే కాస్త మాడిన ఎల్లిగడ్డ వాసన.

అతడు తిరిగి వచ్చేసరికి గంట దాటింది.

"ఏందన్నా, కండ్లు గట్ల ఎర్రగైనయ్? గంత మండుతున్నదా?" అంది సుశీలమ్మ.

దుర్గయ్య రెండో డబ్బా ముందుకు నెట్టాడు. "ఇది మనది."

మహేందర్ జేబులోంచి ఏ డబ్బాలో ఏదుందో రాసుకున్న చీటీ తీసి చూసుకుని, తండ్రికి అందించాడు. సాయిలు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"చూసినవా బిడ్డా! ఇరవై రెండేండ్ల నాలుక. దాని ముందట నీ ఫ్యాక్టరీ ఏంది!"

ఆడవాళ్లు మళ్లీ మిర్చి బుట్టల ముందు కూర్చున్నారు. బయట ట్రాలీ ఆటోవాడు హారన్ కొట్టాడు.

దుర్గయ్య "పంపు" అన్నాడు.

షెడ్డులో నూరిన కారం దుర్గయ్య నోట్లో పెట్టుకోవడం అదే మొదటిసారి.