డబ్బాల అల్లుడు

ఎస్తేరమ్మ అల్లుణ్ని పేరు పెట్టి పిలవదు. డబ్బాలోడు అంటుంది.

కారణం లేకపోలేదు. శంషాబాద్‌లో వాళ్లుండే రెండు గదుల ఇంట్లో మనుషులు ముగ్గురైతే, పాత కంప్యూటర్లు, విప్పిన ఫోన్లు, వైర్ల చుట్టలు లెక్కలేనన్ని. కూతురు రేచల్ ఎయిర్‌పోర్టులో షిఫ్టు డ్యూటీకి పోతుంది. అల్లుడు కరుణ్ ఇంట్లో ఉండి వంట చేస్తాడు. పొయ్యి మీద పప్పు మాడుతున్నా కళ్లు మాత్రం స్క్రీన్ మీదే. ఎప్పుడైనా ఎవరిదో లాప్‌టాప్ బాగుచేస్తాడు. మిగతా పొద్దంతా ప్రాజెక్టులు.

ఒకసారి డాబా మీద యాంటెన్నా కట్టి, పైన పోయే విమానాల పేర్లు స్క్రీన్ మీద వచ్చేలా చేశాడు. సంబరంగా అత్తను పిలిచి చూపించాడు.

"తలెత్తితే కనబడేదానికి గింత వైరెందుకు?" అని ఆమె లోపలికి పోయింది.

ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోవాలని ఇంకో డబ్బా బిగించాడు. మోటారు ఆగలేదు. నీళ్లు మెట్ల మీదుగా దిగి, కిందింటి జంగమ్మ ఎండబోసిన మిరపకాయల్ని తడిపేశాయి. జంగమ్మ తిట్టడానికి వస్తే, ఆమెకన్నా నాలుగు మాటలు ఎక్కువ ఎస్తేరమ్మే అల్లుణ్ని తిట్టింది.

అన్నిటికన్నా ఆమెకు అసహ్యం హ్యాకింగ్ పోటీలు. కంప్యూటర్ల తాళాలు ఎవరు ముందు తెరుస్తారో తేల్చే పోటీలవి. అది తప్పుడు పని కాదని, తాళంలో లోపం ఎక్కడుందో కనిపెట్టడమేనని కరుణ్ నచ్చజెప్పబోయాడు. ఆమె వినలేదు. అల్లుడు ఏం చేస్తాడని చర్చిలో ఎవరైనా అడిగితే, దొంగతనం నేర్చుకుంటున్నాడని చెప్పేది. అందులోనూ ఫెయిలే అని కలిపేది.

కొడుకు తోమాసు మాట వస్తే మాత్రం ఆమె మొహం వెలిగిపోయేది. తోమాసు సరుకుల ఓడలో ఎలక్ట్రీషియన్. ఏ సముద్రంలో ఉన్నా సాయంత్రం అమ్మకు ఫోన్ చేస్తాడు. ఓడలో నెట్ సరిగ్గా ఉండదు కాబట్టి మొహం కనబడదు. ఆమెకు గొంతు చాలు. తిన్నావా, మందులు వేసుకున్నావా అని అడుగుతాడు. చెల్లెలి మొగుడి మీద ఒక విసురు విసురుతాడు. డబ్బాలోడికి ఇంకా బుద్ధి రాలేదా అని కొడుకు అంటుంటే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

కరుణ్‌కు ఆ పాటి మర్యాద కూడా తెలీదు. బావ ఫోన్ వచ్చే వేళకు గదిలోకి పోయి తలుపేసుకుంటాడు. ఒక్కనాడూ వచ్చి పలకరించిన పాపాన పోలేదు.

"నా కొడుకుతోని మాట్లాడనీకి మొహముండాలె గద" అనేది ఎస్తేరమ్మ. రేచల్ గిన్నెలు సర్దుకునేది.

ఈ ఎండాకాలం ఎస్తేరమ్మ గుండె రెండోసారి మొరాయించింది. అత్తాపూర్‌లో ఒక దవాఖానలో చేర్చారు. ఆపరేషన్ తప్పదని, ఆ పూటే ఒప్పుకుని సంతకం పెట్టాలని డాక్టర్ చెప్పాడు. ఆమె ససేమిరా అంది.

ఆ రోజే కరుణ్‌కు పోటీ. ఎయిర్‌పోర్టు పక్కన ఒక హోటల్లో జరుగుతోంది. అతను ఫైనల్ దాకా పోవడం అదే మొదటిసారి. గెలిచినవాడికి గచ్చిబౌలిలో ఉద్యోగం ఖాయం. అమ్మను తాను చూసుకుంటానని రేచలే అతన్ని పట్టుబట్టి పంపింది.

అత్త మంచం మీదుంటే అల్లుడు ఆటలకు పోయాడని ఎస్తేరమ్మ వార్డులో అందరికీ వినిపించింది. రేచల్ ఎంత బతిమాలినా మెత్తబడలేదు.

"తోమాసు చెప్తే చేయించుకుంట. ఇంకెవ్వలు చెప్పినా ఇనను."

రేచల్ వరండాలోకి పోయి మొగుడికి ఫోన్ చేసింది. జరిగింది చెప్పి ఏడ్చింది.

అప్పటికి పోటీ హాల్లో స్కోరు బోర్డు మీద కరుణ్ పేరు అందరికన్నా పైన ఉంది. అతను లేచాడు. మధ్యలో పోతే పోటీలో లేనట్టేనని నిర్వాహకులు హెచ్చరించారు. సరేనని బండి తీశాడు.

కాసేపటికి ఎస్తేరమ్మ ఫోన్ మోగింది. తోమాసు.

"భయపడకమ్మా. ఆపరేషన్ చేయించుకో. మంచిగైతవ్."

"నువ్వొస్తవా బిడ్డా?"

"నువ్వు లేచి తిరగాలమ్మా. నాకదే కావాలె."

ఆమె కళ్లు తుడుచుకుని కాగితం తెమ్మంది. సంతకం పెట్టింది.

కరుణ్ వచ్చేసరికి అంతా అయిపోయింది. చొక్కా చెమటతో తడిసి ఉంది. ఎస్తేరమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"గెలిచినవా?"

"లేదత్తమ్మా. మధ్యల లేచొచ్చిన."

"నువ్వు ఏ పని పూర్తి చేసినవ్ గనక. గంత దూరంల ఉండి నా కొడుకు నాకు ధైర్యం చెప్పిండు. ఈడనే ఉండి నువ్వేం జేసినవ్?"

కరుణ్ గ్లాసులో నీళ్లు పోసి ఆమె చేతికి అందేలా పెట్టాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

పోయినేడు ఆమె మొదటిసారి గుండెపోటుతో స్పృహ లేకుండా ఉన్న రోజుల్లో, విమానంలో వచ్చిన తోమాసు శవపేటికను తీసుకుపోయి మట్టి చేసిన కరుణ్, ఆనాటి నుంచి రోజూ సాయంత్రం ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, తన మాటల్ని బావ గొంతులోకి మార్చి ఆమెకు ఫోన్ చేస్తున్నాడు.