మీసం లేని పెళ్లికొడుకు

"మీసం ఏదిరా?"

సార్జంట్ మేజర్ ర్యామ్స్‌డెన్ చేతికర్ర కొస సిపాయి గ్రీన్‌వుడ్ ముక్కు కింద వచ్చి ఆగింది. పొద్దుటి పెరేడ్‌లో వరస కట్టిన కంపెనీ అంతా ముందుకే చూస్తూ చెవులు మాత్రం ఇటు పారేసింది.

"రావడం లేదు సార్."

"రావడం లేదా, రానివ్వడం లేదా? పై పెదవి మీద కత్తి పెట్టకూడదని సైన్యంలో రూలుంది. తెలుసా?"

"కత్తి పెట్టడానికి అక్కడేముంది సార్? నాకు ఊహ తెలిసిన దగ్గర్నించీ ఎదురుచూస్తున్నాను."

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. ర్యామ్స్‌డెన్ అటు ఒక్క చూపు చూశాడు. నవ్వు గొంతులోనే చచ్చింది. ఆయన మీసం ఆ యార్క్‌షైర్ పటాలానికే పెట్టింది పేరు. నల్లగా, గుబురుగా, కొసలు రెండూ పైకి లేచి ఉంటుంది. దాన్ని చూసే జర్మన్లు కందకంలోంచి తల పైకెత్తడం లేదని కుర్ర సిపాయిలు చెప్పుకుంటారు.

"శనివారం నీ పెళ్లి కదూ?"

"అవును సార్, హాలిఫాక్స్‌లో. కెప్టెన్ గారు సెలవిచ్చారు."

"ఇచ్చారు. రేపు పొద్దున తనిఖీకి వచ్చేదీ ఆయనే. ఈ బోడి మూతితో కనబడ్డావో, ఇచ్చిన చేత్తోనే వెనక్కి తీసుకుంటారు. రేపటికి అక్కడ ఏదో ఒకటి మొలవాలి."

పెరేడ్ అయ్యాక గ్రీన్‌వుడ్ సావిట్లో గడ్డి మీద కూలబడ్డాడు. కందకాల్లోంచి వెనక్కి వచ్చిన పటాలం ఆ ఫ్రెంచి పల్లెలో మకాం వేసింది. ఒకడు చొక్కా విప్పి మడతల్లో పేలు చంపుతున్నాడు. ఇంకొకడు బూట్లకు కొవ్వు రాస్తున్నాడు. రోజూ పక్కనే పడుకునే క్లెగ్ రొట్టె మీద జామ్ పులుముకుంటూ వచ్చి కూర్చున్నాడు.

"పెళ్లి వాయిదా వెయ్యమని హెట్టీకి కబురు పెట్టరాదుట్రా?"

"ఇప్పటికే రెండుసార్లు సెలవు రద్దయింది. రెండుసార్లూ గౌను ఇస్త్రీ చేసుకుని కూర్చుంది పాపం. ఈసారి కూడా రాకపోతే ఆ గౌనుతోనే పోస్ట్‌మాన్‌ని చేసుకుంటానంది."

"పోస్ట్‌మాన్‌కి మీసముందా?"

"బుగ్గల దాకా ఉంది."

క్లెగ్ రొట్టె నములుతూ ఆలోచించాడు. "మీసం ఉండాలన్నారు గానీ, నీ మూతి మీదే మొలవాలని ఎవరూ అన్లేదు కదా. మొలిచిన చోటినుంచి తెచ్చుకుందాం పద."

మొలిచిన చోటు కంచర గాడిద తోక. సామాను బళ్లు లాగే ఆ జంతువును అందరూ దొరసాని అంటారు. గ్రీన్‌వుడ్ ముందు నిలబడి దాని చెవుల్లో తీపి మాటలు చెప్పాడు. క్లెగ్ వెనక నిలబడి కత్తెర ఆడించాడు. తన్నులు క్లెగ్ తిన్నాడు, వెంట్రుకలు గ్రీన్‌వుడ్‌కు దక్కాయి. పిండి ఉడికించి అతికిస్తే ఆరగానే రాలిపోయాయి. చివరికి జామ్ పనికొచ్చింది. సిపాయిల రేషన్లో వచ్చే ఆ ఆపిల్ జామ్ డబ్బాకు పట్టిందంటే గీకినా వదలదు.

మర్నాడు ఎండ చురుక్కుమంటోంది. కెప్టెన్ వరస వెంట నడుస్తూ వచ్చి గ్రీన్‌వుడ్ ముందు ఆగాడు.

"పెళ్లికొడుకు ఇతనేనా?"

"ఇతనే సార్," అన్నాడు ర్యామ్స్‌డెన్.

"జుట్టు చూస్తే ఎండుగడ్డి రంగు, మీసం చూస్తే బొగ్గు రంగు."

"మా అమ్మ వైపు పోలిక సార్," అన్నాడు గ్రీన్‌వుడ్, పెదవి కదలకుండా.

"మీ అమ్మగారికి... సరే. బాగుంది. సెలవు ఖాయం." కెప్టెన్ ముందుకు సాగాడు.

ర్యామ్స్‌డెన్ మాత్రం కదల్లేదు. సరిగ్గా అప్పుడే ఎక్కడినుంచో ఒక కందిరీగ వచ్చింది. గ్రీన్‌వుడ్ ముక్కు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, మీసం మీద వాలి, తీరిగ్గా జామ్ తినడం మొదలెట్టింది. సావధాన్‌లో ఉన్నవాడు చెయ్యెత్తకూడదు. గ్రీన్‌వుడ్ కళ్లు రెండూ ముక్కు కొసకు చేరాయి. మెల్లిగా పైకి ఊదాడు. కందిరీగ చెక్కుచెదరలేదు. మీసం ఎడమ సగం మాత్రం జారి గడ్డం మీదికి దిగింది.

"నా గదికి రా," అన్నాడు ర్యామ్స్‌డెన్ పళ్ల మధ్యనుంచి.

గ్రీన్‌వుడ్ జారిన సగాన్ని చేత్తో పట్టుకుని గదిలోకి వెళ్లాడు.

"తలుపు వేసి గొళ్లెం పెట్టు."

పెట్టాడు.

"సైన్యం అంటే వేళాకోళంగా ఉందా? గాడిద తోక తెచ్చి కెప్టెన్ గారికి చూపిస్తావా?"

"తప్పే సార్. సెలవు పోతే పోయింది. క్లెగ్‌ని మాత్రం ఏమీ అనకండి, ఆలోచన నాదే."

ర్యామ్స్‌డెన్ కిటికీ తెర లాగాడు. రేకు పెట్టె అడుగునుంచి ఒక చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"జామేమిట్రా, తెలివితక్కువ వెధవా? ఇది నాటకాల వాళ్లు పూసుకునే బంక. దీనికి వానైనా ఒకటే, ముద్దైనా ఒకటే. ముందు మధ్యలో రాయాలి, తర్వాతే కొసలకి. ఇదిగో, సరిగ్గా చూసి నేర్చుకో," అంటూ సార్జంట్ మేజర్ ర్యామ్స్‌డెన్ తన మీసాన్ని కుడి కొస పట్టుకుని మెల్లిగా ఊడదీశాడు.