అవతలి గట్టు

కూతురి బ్యాగు జిప్పు పాడైందని బాగుచేయడానికి కూర్చుంది ఆమె. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని పాతికేళ్లుగా వీధి వీధంతటికీ బట్టలు కుడుతోంది. జిప్పు ఒక లెక్కా అనుకుని, ముందు లోపలివన్నీ తీసి బల్ల మీద పెట్టింది.

చరిత్ర పుస్తకం ఒకే ఒక్కటి ఉంది. దాని కింద ఇంకా తడి ఆరని ఈత డ్రెస్సు. బంకమట్టి అంటిన ఏప్రాన్. రసాయనాల వాసన వేస్తున్న రబ్బరు చేతితొడుగులు. ఏ భాషో తెలియని అక్షరాలతో నిండిన చిన్న నోటుబుక్కు.

పిల్ల చదివేది చరిత్రలో డిగ్రీ.

నెల్లాళ్లుగా ఏదో తేడాగా ఉందని ఆమెకు తెలుస్తూనే ఉంది. తెల్లారకముందే వెళ్లిపోతోంది. తడిజుట్టుతో తిరిగొస్తోంది. అద్దం ముందు నిలబడి అర్థం కాని మాటలు గొణుక్కుంటోంది. మొన్నటికి మొన్న బాత్రూంలో బకెట్లో ముఖం ముంచి అంకెలు లెక్కపెట్టుకుంటుంటే చూసి హడలిపోయింది. అడిగితే "కాలేజీ పనమ్మా" అంటుంది. అదేం కాలేజీయో, అదేం పనో.

సాయంత్రం భర్త రాగానే బల్ల చూపించింది. ఆయన బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలించే అధికారి. జనం చెప్పేదాంట్లో అబద్ధం వెతకడానికే కంపెనీ ఆయనకు జీతమిస్తుంది. కళ్లజోడు సరిచేసుకుని ఒక్కొక్కటీ వేలితో కదిపి చూశాడు. ఈత డ్రెస్సు దగ్గరికి వచ్చేసరికి వేలు వెనక్కి తీసుకున్నాడు.

నీళ్లంటే ఆయనకు చచ్చేంత భయం. పెళ్లయిన కొత్తలో సముద్రం చూడ్డానికి వెళితే చెప్పులు కూడా తడవనివ్వలేదు. అలాంటి మనిషికి కూతురు ఈత కొడుతోందంటే ఎలా ఉంటుందో ఆమె అర్థం చేసుకోగలదు.

కూతురు గుమ్మంలో కాలు పెట్టిందో లేదో విచారణ మొదలైంది.

"ఏంటమ్మా ఇవన్నీ?"

"డిగ్రీకి కావాలి నాన్నా. మన సబ్జెక్టు ఏదైనా సరే, అందరూ ఒక సైన్సు ల్యాబు, ఒక కళ, ఒక పరాయి భాష పాసవ్వాలి. కొలను ఈ చివర నుంచి ఆ చివరకి ఈదాలి కూడా. అప్పుడే పట్టా ఇస్తారు."

"ఎవరికి చెప్తున్నావ్? నేను అదే కాలేజీలో అదే చరిత్ర చదివాను. చదివినన్నాళ్లూ చరిత్ర తప్ప ఇంకో పుస్తకం ముట్టుకోలేదు."

పిల్ల తలొంచుకుంది. "మీ రోజుల్లో ఇవన్నీ లేవేమో నాన్నా. అందుకే మీకు చెప్పలేదు."

ఆయన గోడ వైపు చెయ్యి చూపించాడు. కుట్టుమిషనుకు పైన ఫ్రేములో ఆయన పట్టా ఉంది. దాన్ని చూసే మామగారు పిల్లనిచ్చారు. దాన్ని చూసే కంపెనీ కుర్చీ ఇచ్చింది. ఇక కూతురి మాట ఎవరు నమ్ముతారు. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని గదిలోకి వెళ్లిపోయింది.

"ఎవడితోనో తిరుగుతూ మనకు కథలు చెబుతోంది. చదివింది చాలు," అన్నాడాయన. "సోమవారం వెళ్లి పేరు తీయించి రా. ఉత్తరం రాసిస్తాను."

"మీరు చదివిన కాలేజీయే కదా. మీరే వెళ్లి కనుక్కోకూడదూ?"

"ఆఫీసులో ఊపిరాడని పని."

ఎప్పుడూ అంతే. పిల్లను చేర్పించిన రోజు కూడా గేటు దగ్గర దింపేసి వెళ్లిపోయాడు.

సోమవారం ఉత్తరం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ఆమె కాలేజీకి బయల్దేరింది. దారంతా ఒకటే ఆలోచన. ఎవడతను? ఎన్నాళ్లుగా? ఆఫీసులో కిటికీ వెనక నెరిసిన జుట్టు గుమస్తా ఒకావిడ కూర్చుని ఉంది. ఉత్తరం ఇచ్చేస్తే పిల్ల చదువు అంతటితో సరి. ముందు ఒక్క మాట అడిగి చూద్దామనుకుంది.

"చరిత్ర చదివే పిల్లలకు ఈత ఎందుకండీ?"

గుమస్తా నవ్వింది. "వచ్చిన ప్రతి అమ్మా అదే అడుగుతుంది. ల్యాబూ, కళా, భాషా లాగే ఈతా ఇక్కడ అందరికీ తప్పదండీ. రండి, ఇవాళ పరీక్ష కూడా జరుగుతోంది."

ఆఫీసు వెనకే కొలను. నీళ్లలో ఉన్నది తన కూతురే. చేతులు తడబడుతున్నాయి. నీళ్లు మింగుతోంది. సగంలో మునిగిపోతుందేమోనని తల్లి ఊపిరి బిగబట్టింది. పిల్ల ఆగలేదు. ఎలాగోలా అవతలి గట్టు అందుకుని తల పైకెత్తింది. గట్టు మీద టీచరు కాగితం మీద టిక్కు పెట్టింది.

తల్లికి ఏడుపొచ్చింది. కడుపున పుట్టిన పిల్లను అనుమానించినందుకు సిగ్గేసింది. పక్కన గుమస్తా గోడకున్న రాతిపలక చూపించి గర్వంగా ఏదో చెబుతోంది. ఆమె కళ్లు తుడుచుకుని ఆ పలక చదివింది. మళ్లీ ఇంకోసారి చదివింది.

ఉత్తరం హ్యాండ్‌బ్యాగులోనే ఇంటికి తిరిగొచ్చింది.

"తీయించావా?" అన్నాడు భర్త, ఆ సాయంత్రం చెప్పులు విప్పుతూనే.

"లేదు. పిల్ల చెప్పిందంతా నిజమే. ల్యాబూ, మట్టి బొమ్మలూ, భాషా, ఈతా అన్నీ ఉన్నాయి. పిల్ల ఈదడం కళ్లారా చూసొచ్చాను."

ఆయన ముఖం తేటపడింది. కూతురి తల నిమిరాడు. "పోనీలే, మంచిదే. ఈ మధ్యే పెట్టుంటారు. మా రోజుల్లో ఈత ఉండుంటే నేను ఆ పట్టా మొహం కూడా చూసేవాణ్ణి కాదు," అని పెద్దగా నవ్వాడు.

కూతురు మళ్లీ తలొంచుకుంది.

ఆమె లేచి గోడ మీది ఫ్రేము తీసింది. పాతికేళ్లుగా రోజూ తుడిచే అద్దాన్ని అలవాటుగా ఒకసారి తుడిచి, ఆయన ముందు పెట్టింది.

"కాలేజీ పెట్టిన ఏడాది నుంచీ ఆ కొలను ఈదనివాళ్లకు ఒక్కరికి కూడా పట్టా ఇవ్వలేదని రాతిపలక మీద చెక్కి ఉందండీ, మరి మీకిది ఎవరిచ్చారు?"